ముందు మా సభ్యత్వ పుస్తకాలు మాకివ్వండి: పర్లాకిమిడి నుంచి రాష్ట్ర కమిటీకి బహిరంగ లేఖ

రాష్ట్ర అధ్యక్షులు గారికి, కార్యవర్గంలోని పెద్దలందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం ముందు మీకే పంపాను. ఒకసారి ఒడియాలో రాయించి స్పీడ్ పోస్టులో పంపాను, ఇంకోసారి వాట్సాప్‌లో పెట్టాను. పోస్టు అందిందని మెసేజ్ వచ్చింది, వాట్సాప్‌లో నీలం టిక్కులు కూడా పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకని ఇప్పుడు తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాను. పార్టీ పేరు ఎక్కడా రాయను. రాస్తే రేపు పొద్దున్నకల్లా పెద్ద పార్టీల కుర్రాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా తిప్పుతారు, మనకున్న ఆ కాస్త పరువూ పోతుంది. చదవాల్సిన వాళ్లకి ఏ పార్టీయో తెలుసు.

నేనెవరో మీలో కొందరికి గుర్తుండకపోవచ్చు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో, తహసీల్ ఆఫీసుకి దగ్గర్లో చిన్న జెరాక్స్ షాపు నాది. ఆ రాత్రి దాకా గోసాని బ్లాకు కన్వీనర్‌ని. ఆ రాత్రి అంటే తెలుసుగా, పదకొండు దాటాక జిల్లా గ్రూపులో లెటర్‌హెడ్ ఫొటో పడిన రాత్రి. జిల్లా కమిటీ, దాని కింద బ్లాకు కమిటీలన్నీ రద్దు అని మొదటి పేరాలో, కొత్త జిల్లా సభాపతి, అంటే జిల్లా అధ్యక్షుడు, ఫలానా అని రెండో పేరాలో. కారణం లేదు, తీర్మానం తేదీ లేదు. తెల్లారేసరికి మాలో నలభై మందిని గ్రూపులోంచి తీసేశారు. ఎనిమిదింటికి షాపు తెరుస్తుంటే గోసాని వైపు నుంచి ఒక పెద్దాయన సైకిలు మీద వచ్చాడు. "బాబూ, మనం పార్టీలో ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. నాకు తెలీదు తాతా అన్నాను. ఆరేళ్లు తిరిగిన పార్టీ గురించి నా దగ్గర ఉన్న సమాధానం అదీ.

ఎలా మొదలైందో ఒకసారి గుర్తు చేస్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లు ఇది ఎవరో నాయకుడు కారేసుకొని తెచ్చిన పార్టీ అనుకుంటున్నారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడ శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, ఇక్కడ గజపతిలో కొండవాగులు ఊళ్ల మీద పడ్డాయి. బరఘరలో కొండచరియ విరిగిపడి జనం పోయారు. ఆ రోజుల్లో టార్పాలిన్ల కోసం, నష్టపరిహారం లిస్టుల కోసం జనం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే ఆధార్ కాపీలు, భూమి పట్టాల కాపీలు తీసిచ్చింది నా షాపులోనే. కాగితం కొరత వచ్చి పాతపట్నం వెళ్లి తెచ్చుకున్నాను. లిస్టులో పేరు ఎందుకు లేదో అడగడానికి పదిమందిని పోగేస్తే ఆ పదిమందే తర్వాత పార్టీ అయ్యారు. భువనేశ్వర్ నుంచి మీరు వచ్చింది అది అయ్యాకే. రావడం మంచిదే అయింది, కాదనను. కానీ ముందు జనం, వెనక జెండా. ఆ వరస మీరు మర్చిపోయారనిపిస్తోంది.

ఇప్పుడు మా జిల్లాలో పార్టీ రెండు. జనం వాటికి పేర్లు కూడా పెట్టేశారు. పాత సభాపతి వర్గం ఒక టిఫిన్ హోటల్ పైనున్న గదిలో కూర్చుంటుంది కాబట్టి అది మేడమీద పార్టీ. కొత్త సభాపతి వర్గం ఒక రైసుమిల్లు ఆవరణలో కలుస్తుంది కాబట్టి అది మిల్లు పార్టీ. మొన్న మా పక్క కొట్టు సోడా ఆయన "నువ్వు మేడా, మిల్లా?" అని అడిగాడు. అంతకుముందు అందరూ మన పార్టీని ఆ కాగితాల పార్టీ అనేవాళ్లు, అర్జీలు రాసేవాళ్లం కదా అని. నాకు ఆ పేరే బాగుండేది.

అక్టోబర్ 2 సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. అది గాంధీ జయంతే కాదు, 1992లో గంజాం నుంచి విడిపోయి మా గజపతి జిల్లా ఏర్పడిన రోజు కూడా. ఏటా దండ వేసి, జిల్లా ఆసుపత్రిలో పళ్లు పంచి వచ్చేవాళ్లం. ఈసారి ఒకే విగ్రహం దగ్గరకి ఒకే పార్టీ పేరుతో రెండు బ్యానర్లు వచ్చాయి. మేడ వాళ్లు ముందొచ్చి దండ వేశారు, మిల్లు వాళ్లు వచ్చి ఆ దండ తీయించి తమది వేయబోయారు, తోపులాటలో ఒక కుర్రాడికి ముక్కు పగిలింది. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ రెండు బ్యానర్లూ చదివి, "మీరంతా కలిపి ముప్పై మంది లేరు, మీలో మీకే గొడవా?" అన్నాడు. ఒడియాలో అన్నాడు గానీ నవ్వు మాత్రం అన్ని భాషల వాళ్లకీ వచ్చింది. నేను పళ్ల సంచీ పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. చివరికి పళ్లు ఎవరూ పంచలేదు, సాయంత్రం నేనే ఒక్కణ్ణీ పోయి ఇచ్చి వచ్చాను.

నేను మేడవాణ్ణి కాదు, ఇది ముందే చెప్పేయాలి, లేకపోతే ఈ ఉత్తరాన్ని కూడా మేడ వాళ్లు రాయించారంటారు. పాత సభాపతి గారు మంచి మాటకారి, అర్ధరాత్రి పిలిచినా వస్తారు, అది నిజం. కానీ 2024 మే 13 నేను మర్చిపోలేను. ఆ రోజు మన బ్రహ్మపురం లోక్‌సభకీ, దాని కింద అసెంబ్లీలకీ పోలింగు, అదే రోజు ఆంధ్రలో కూడా పోలింగు. రెండు గట్ల మీదా ఒకే రోజు ఓట్లు. మనం పోటీ పెట్టిన అభ్యర్థికి పోలింగ్ బూత్‌లలో ఏజెంట్లుగా కూర్చోవాల్సిన మా కుర్రాళ్లని రెండు ఆటోల నిండా ఎక్కించుకుని ఈయన పొద్దున్నే ఏరు దాటి తన మేనల్లుడి తరఫు పార్టీకి పని చేయించడానికి తీసుకెళ్లిపోయారు. ఇక్కడ మా బూత్‌లలో మన తరఫు కుర్చీ ఖాళీ. నేను ఒక్కణ్ణి మూడు బూత్‌లు తిరిగాను, ఏజెంటు పాసు ఒక్క బూత్‌కే ఉంటే మిగతా రెండింటి గుమ్మంలో నిలబడి ఏం చూస్తాను. ఓట్లు ఎన్నొచ్చాయో రాయను, మీ దగ్గర లెక్కుంది. అప్పుడే ఆయన్ని అడగాల్సింది. మీరు అడగలేదు. అడిగి ఉంటే ఇవాళ అర్ధరాత్రి లెటర్‌హెడ్ అవసరం పడేది కాదు. ఇంకోటి, పోయిన కమిటీలో పదకొండు మందిలో నలుగురు ఆయన ఇంటివాళ్లే. ఇది కూడా మీకు తెలుసు.

మిల్లు ఆయన సంగతి వేరు. మొన్నమొన్నటి దాకా పెద్ద పార్టీలో ఉన్నారు, అక్కడ జిల్లా పరిషత్ టికెట్ రాదని తేలాక ఇటు వచ్చారు. తప్పేం కాదు, రాజకీయమంటే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉంటారు. కానీ వచ్చి సభ్యుడైన మూడో నెలకే సభాపతి ఎలా అయ్యారు? ఎవరు ఎన్నుకున్నారు? ఆయన పెట్టిన మొదటి బైఠకొ, అంటే మీటింగు, ఎజెండా ఏంటంటే, జిల్లా పరిషత్ జోన్లలో, అంటే ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకునే నియోజకవర్గాల్లో, ఎవరెవరికి టికెట్లు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఇక్కడే నా అసలు మాట ఉంది. మీ గొడవంతా జిల్లా పరిషత్ టికెట్ల గొడవ. ఒడిశాలో పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తు ఉండేది జిల్లా పరిషత్ సభ్యుడికి మాత్రమే, వార్డు సభ్యుడికి, సర్పంచికి, సమితి సభ్యుడికి పార్టీ గుర్తు లేదు. పోయినసారి 2022 ఫిబ్రవరి 16 నుంచి 24 దాకా ఐదు విడతల్లో జరిగాయి. జిల్లా పరిషత్ ఫలితాలు వచ్చిన 852 స్థానాల్లో బీజేడీ ఒక్కదానికే 766 వచ్చాయి, ముప్పై జిల్లాల్లోనూ అధ్యక్ష పదవి వాళ్లదే. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే 2024లో రాష్ట్రంలో వాళ్ల ప్రభుత్వమే పోయింది, అసెంబ్లీలో బీజేపీకి 78 సీట్లు వచ్చాయి, వాళ్లకి 51. జిల్లా పరిషత్తులన్నీ చేతిలో ఉన్నవాళ్లకే అవి అంతమాత్రం అక్కరకొచ్చాయి. ఒక్క జోను అంటే ఎన్ని పంచాయతీలో, ఎంత ఖర్చో మీకు తెలుసు. మనలాంటి పార్టీ అక్కడ జీపు కట్టుకుని తిరిగి డిపాజిట్టు పోగొట్టుకోవడం తప్ప చేసేదేముంది. అదే వార్డులో అయితే రెండు మూడొందల ఓట్లు, ప్రతి ఇంటికీ మన మనిషి తెలుసు. మనం గెలవగలిగేది, గెలిచి పని చేయగలిగేది అక్కడ. ఆ వార్డుల గురించి మేడ మీదా మాట్లాడలేదు, మిల్లులోనూ మాట్లాడలేదు. 2027 ఫిబ్రవరి, మార్చిలకి ఐదేళ్లు నిండుతాయి. టైం ఎక్కడుంది?

వార్డులకి మనుషుల్ని తయారు చేసే పని మేం మొదలుపెట్టాం, అది మీకు రిపోర్టులో కూడా రాశాను, చదివారో లేదో. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం, 1964 ప్రకారం వార్డు సభ్యుడికైనా సర్పంచికైనా ఒడియా చదవడం, రాయడం రావాలి. రాకపోతే నామినేషనే చెల్లదు. సీట్లలో సగం ఆడవాళ్లవి. ఇప్పుడు గోసాని, కాశీనగర్ బ్లాకుల్లో తెలుగు ఇళ్లు చూడండి. కోడళ్లందరూ ఎక్కడి నుంచి వచ్చారు? టెక్కలి, మెళియాపుట్టి, పాతపట్నం, కొత్తూరు. అక్కడ తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు. మా గ్రూపులో ఒకమ్మాయి టెక్కలిలో డిగ్రీ చేసింది, మహిళా సంఘం లెక్కలు వేలి చివర ఉంటాయి, బ్లాకు ఆఫీసులో బీడీవో ఎదురుగా కూర్చుని వంకర లేకుండా మాట్లాడుతుంది. ఒడియా మాట్లాడటం వచ్చు, అక్షరం రాదు. అంత చదివిన మనిషి చట్టం ముందు నిరక్షరాస్యురాలు. ఆ చట్టం తప్పా ఒప్పా అని నేను ఇక్కడ వాదించను, ఈ రాష్ట్రంలో పంచాయతీ కాగితం ఒడియాలోనే ఉంటుంది, చదవలేని సర్పంచిని సెక్రటరీ ఏ కాగితం మీద పడితే ఆ కాగితం మీద సంతకం పెట్టించేస్తాడు, అది కళ్లారా చూశాం. నేర్చుకుంటే పోయేదానికి ధర్నా ఎందుకని మేడ మీది గదిలోనే రాత్రి బడి పెట్టాం. రిటైరైన ఒక ఒడియా మేష్టారు డబ్బు తీసుకోకుండా వచ్చేవారు. పదిహేడు మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. గుండ్రటి అక్షరాలు తెలుగు వాళ్లకి బేగి పట్టుబడతాయని ఆయన మురిసిపోయేవారు. మూడు నెలలు నడిచింది. పేర్లు రాయడం దాటి అర్జీ చదివే దాకా వచ్చారు.

ఆ గదికి ఇప్పుడు రెండు తాళాలు. కమిటీ రద్దయింది కాబట్టి ఆఫీసు తమదని మిల్లు వాళ్లు వచ్చి పాత తాళం మీద తమ తాళం వేశారు. మేడ వాళ్లది లోపలి గొళ్లేనికి, మిల్లు వాళ్లది పై గొళ్లేనికి. ఇద్దరూ కలిసొస్తే తప్ప తలుపు తెరుచుకోదు, ఇద్దరూ కలిసి రారు. ఇప్పుడు మేడ వాళ్లు పక్క వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు, పేరు మాత్రం మేడే. లోపల పలకలు, అక్షరాల పుస్తకాలు, మేష్టారి కళ్లద్దాల పెట్టె ఉండిపోయాయి. మేష్టారు రెండుసార్లు వచ్చి, మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయారు. కింద టిఫిన్ హోటల్ ఆయన ఊరుకోక ఆయనకి ఇడ్లీ పెట్టి పంపాడు. మీరు పంపిన పరిశీలకుడు గారు వచ్చినప్పుడు ఆ మెట్ల దాకా వచ్చారు. తాళాలు చూసి ఫొటో తీసుకుని మిల్లుకి భోజనానికి వెళ్లిపోయారు.

పరిశీలకుడు గారి గురించి ఒక్క మాట. మర్యాదస్తులు, నాకేం కోపం లేదు. కానీ ఆయన రెండు గంటలు మాట్లాడింది పుస్తకాల ఒడియాలో, మధ్యలో హిందీ. ముందు వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు, వెనక గుమ్మ బ్లాకు నుంచి వచ్చిన సవర అన్నదమ్ములు ఎనిమిది మంది. ఎవరికి ఎంత అర్థమైందో ఆయన అడగలేదు. తర్వాత మీరు తెలుగులో పంపిన సర్క్యులర్ ఇంకా గొప్పది, ఏ మెషీనుతో చేయించారో గానీ "అసమ్మతి కార్యకలాపముల యందు నిమగ్నులైన సభ్యులకు" అని ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. జనం మాట్లాడే భాషలో రాయమని ఆయన జీవితమంతా పోట్లాడారు, సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి చదువు చెప్పించారు, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఊరికి ఆ సర్క్యులర్ పంపారు. నాలుగు కాపీలు తీసి నోటీసు బోర్డుకి అంటించమన్నారు, నేను తీయలేదు. ఒక్కటి మాత్రం తీసి దాచుకున్నాను.

భాష గురించి అన్నానని తెలుగు, ఒడియా తగువు పెడుతున్నానని అనుకోకండి. ఇక్కడ ఆ తగువు లేదు, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో ఆ రెండిటితో పాటు సవర. 1996లో పి.వి. నరసింహారావు గారు బ్రహ్మపురం నుంచి నిలబడితే గెలిపించారు, ఏ భాష మనిషని చూడలేదు. ఊళ్లో రాజకీయం చేసేవాళ్లకే ఆ గీత కనిపిస్తుంది. మిల్లు వాళ్లు ఇప్పుడు సవర ఊళ్లలో ఇది తెలుగువాళ్ల పార్టీ అయిపోయింది అంటున్నారట, మేడ వాళ్లేమో తెలుగు ఊళ్లలో మనల్ని ఒడియా వాళ్లు తొక్కేశారు అంటున్నారు. ఆరేళ్లలో ఎన్నడూ వినని మాటలు ఆరు వారాల్లో విన్నాను. గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం, అక్కడ సర్పంచి పదవులు ఆదివాసీలవే. అలాంటప్పుడు రద్దయిన కమిటీలోనూ, కొత్త తాత్కాలిక కమిటీలోనూ కలిపి ఒక్క సవర పేరు లేదు. ఇందులో మాత్రం మేడకీ మిల్లుకీ భలే ఐకమత్యం.

ఇక పని అంటే ఏంటో కూడా చెప్తాను, మీకు ప్రెస్‌మీట్ అంటే పని కాబట్టి. 2024 ఖరీఫ్‌లో ధాన్యం క్వింటాలుకి 2,300 మద్దతు ధర మీద రాష్ట్రం 800 కలిపి 3,100 ఇచ్చింది. బాగానే ఉంది. బార్డర్లో ఏమవుతుందో తెలుసా? అవతల అంత రాదు కాబట్టి రాత్రిళ్లు ట్రాక్టర్లు ఏరు దాటి వస్తాయి, దళారీలు ఇక్కడి వాళ్ల పేర్ల మీద టోకెన్లు పట్టుకుంటారు, మా గోసాని రైతు అసలు ధాన్యం కళ్లంలో మొలకెత్తుతుంటే టోకెన్ తేదీ దాటిపోయిందంటారు. దానిపైన మండీలో కట్నీ ఛట్నీ పేరుతో బస్తాకి ఇంత అని తరుగు. పోయిన సీజన్లో మేం చేసిందల్లా ధాన్యం కొనే సహకార సంఘం, లాంప్స్ సొసైటీలో ఎవరెవరి పేరు మీద ఎంత ధాన్యం తోలినట్టు రాశారో ఆ లిస్టు సంపాదించి, ఊళ్లో చావిడి దగ్గర గట్టిగా చదవడం. అంతే. రెండెకరాలు లేనివాడి పేరు మీద ఎనభై క్వింటాళ్లు అని చదవగానే జనం ఘొల్లుమన్నారు, ఆ పేరుగలాయన సభలోనే ఉన్నాడు, "నా పేరేటి బాబూ, నేను పోయినేడు గింజ పండించనేదు" అన్నాడు. వారంలో పాత టోకెన్లు రద్దయి పందొమ్మిది మందికి కొత్త తేదీలు వచ్చాయి. ఆ పందొమ్మిది మందీ ఆ తర్వాత అడగకుండానే పదేసి రూపాయలు కట్టి సభ్యులయ్యారు.

ఇప్పుడు ఆ సభ్యత్వాల సంగతి. మూడు బౌండు పుస్తకాలు. గోసానిది ఒకటి, కాశీనగర్‌ది ఒకటి, టౌనుది ఒకటి. పేరు, ఊరు, వార్డు, ఫోను నంబరు, రసీదు నంబరు, సంతకమో వేలిముద్రో. మొత్తం 412 మంది. పెద్ద పార్టీలు మిస్డ్ కాల్ ఇస్తే సభ్యుడైపోయావంటాయి కదా, మనది అలా కాదు, ప్రతి పేరు వెనకా ఒక ఇంటి గుమ్మం ఎక్కిన రోజుంది. ఏ వార్డులో మనకి ఎవరున్నారో, ఎవరిని నిలబెట్టొచ్చో ఆ పుస్తకాలు చూస్తే తప్ప తెలీదు. రెండు పుస్తకాలు పాత సభాపతి గారి ఇంట్లో బీరువాలో ఉన్నాయి, నేను ఎన్నికైన సభాపతిని, ఎందుకివ్వాలి అంటున్నారు. టౌను పుస్తకం మిల్లు వాళ్లు పట్టుకెళ్లారు, అందులో కొత్తగా పేర్లు ఎక్కిస్తున్నారని విన్నాను, ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో. కూర్చుని వందమందిని రాసేస్తే ఎన్నికల్లో గెలిచినట్టేనని ఎవరు చెప్పారో వాళ్లకి.

మీలో ఒకరు ఫోన్లో నాతో అన్నారు, "అంత గొడవగా ఉంటే ఎన్నికల సంఘానికి వెళ్లమనండి వాళ్లనే" అని. అయ్యా, అది ఎవరికో తెలుసా? 1968 గుర్తుల ఉత్తర్వులోని 15వ పేరా గుర్తింపు పొందిన పార్టీ చీలితేనే పని చేస్తుంది. మనం రిజిస్టరై గుర్తింపు లేని పార్టీ, ఎన్నికకో గుర్తు అడుక్కునేవాళ్లం, పోయినసారి వచ్చిన గుర్తు ఇంకా గోడల మీద ఉంది, వచ్చేసారి అదే వస్తుందన్న గ్యారంటీ లేదు. మన తగువు తీర్చడానికి ఎవరూ రారు. పోనీ పెద్దవాళ్ల సంగతి చూడండి, శివసేన కేసులో 2023 ఫిబ్రవరి 17న ఎన్నికల సంఘం ఇచ్చిన ఉత్తర్వులో ఏముంది? పార్టీలో పదవులు ఎన్నికలు లేకుండా పైనుంచి నియమించినవి కాబట్టి సంస్థాగత బలం ఎవరిదో దాన్నిబట్టి తేల్చలేమన్నారు, చివరికి ఎమ్మెల్యేలు, ఎంపీల లెక్క చూసి విల్లూ బాణం షిందే వైపు ఇచ్చారు. అంత పెద్ద పార్టీకే లెటర్‌హెడ్ నియామకాలు అక్కరకి రాలేదు. మనకి లెక్కపెట్టడానికి ఎమ్మెల్యేలు కూడా లేరు, 412 మంది సభ్యులున్నారు అంతే.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. 2025 ఆగస్టు 9న ఎన్నికల సంఘం 334 పార్టీలని జాబితాలోంచి తీసేసింది, సెప్టెంబర్ 18న ఇంకో 474ని. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలో కూడా నిలబడలేదని. మనం 2024లో ఏదో నిలబడ్డాం కాబట్టి బతికిపోయాం. రిజిస్ట్రేషన్ కోసం మనం ఇచ్చుకున్న నియమావళిలో సంస్థాగత ఎన్నికలు ఐదేళ్లకి మించకుండా పెడతామని రాసుకున్నాం, ఎందుకంటే అలా రాయకపోతే రిజిస్ట్రేషనే ఇవ్వరు. ఆ నియమావళి కాపీ తీసింది కూడా నేనే, అందుకే గుర్తుంది. గోసానిలో మేం 2021లో ఒకసారి చీటీలేసి ఎన్నుకున్నాం, నేను పదకొండు ఓట్ల తేడాతో గెలిచాను, ఓడిపోయినాయన ఆ మర్నాటి నుంచే నాతో తిరిగాడు. మిగతా జిల్లాలో ఎక్కడ జరిగిందో చెప్పండి చూద్దాం.

అందుకని అడుగుతున్నాను. నన్ను మళ్లీ కన్వీనర్‌ని చెయ్యమని కాదు, చేసినా ఫోన్లో చేస్తే తీసుకోను. మీ మనిషిని ఎవరినైనా ఒకరిని పంపండి, మిల్లులో భోజనం చెయ్యని మనిషిని, మేడవాళ్ల చుట్టం కాని మనిషిని. తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, పక్కన ఒకరు చెప్తారు. ఆ మూడు పుస్తకాలూ ఇద్దరి దగ్గర్నుంచీ తీసుకుని, ఒక్కో పంచాయతీలో చావిడి దగ్గర కూర్చుని పేర్లు గట్టిగా చదవమనండి, ధాన్యం లిస్టు చదివినట్టే. ఉన్నవాడు ఉన్నానంటాడు, చచ్చిపోయినవాళ్ల పేర్లు కొట్టేద్దాం, మిల్లులో ఒకే పెన్నుతో రాసిన పేర్లవాళ్లు వచ్చి ఔను మేమే అంటే ఉంచుదాం, వాళ్లు కూడా మనవాళ్లే. అలా తేలినవాళ్లు చీటీలేసి బ్లాకు కమిటీని ఎన్నుకోవాలి, గుమ్మ, రాయగడ బ్లాకుల్లో కొత్తగా పుస్తకాలు తెరిచి సవర ఊళ్లలో సభ్యత్వం మొదలుపెట్టాలి, ఆ తర్వాత బ్లాకులు కలిసి జిల్లా సభాపతిని ఎన్నుకుంటాయి. పాతాయనే గెలిస్తే ఆయనే, మిల్లు ఆయన గెలిస్తే ఆయనే, నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. అది అయ్యేదాకా జిల్లా పరిషత్ టికెట్ల మాట ఎవరూ ఎత్తకూడదు, ఇద్దరిలో ఎవరికీ మీ సంతకంతో కాగితం ఇవ్వకూడదు.

గది తాళాలు మాత్రం దీనితో ముడిపెట్టకండి, అది రేపే తీయించండి. మేష్టారికి డెబ్బై దాటాయి, ఎన్నాళ్లు మెట్లెక్కి వస్తారు. నామినేషన్ల నాటికి ఆ పదిహేడు మందిలో కనీసం పదిమంది సొంతంగా ఫారం నింపగలిగితే అందులో ఐదారుగురైనా వార్డుల్లో నిలబడతారు. టెక్కలి అమ్మాయి ఇప్పుడు ఇంట్లో తన రెండో తరగతి కూతురి పుస్తకం ముందు పెట్టుకుని రాస్తోంది, కూతురే తప్పులు దిద్దుతోందట.

పాత సభాపతి గారు ఇది చదువుతారని తెలుసు. అన్నా, బీరువాలో పెట్టుకుంటే పార్టీ నీ దగ్గర ఉన్నట్టు కాదు, పుస్తకాలు ఇచ్చెయ్యి. మిల్లు ఆయనతో నాకంత చనువు లేదు కాబట్టి మర్యాదగానే అడుగుతాను, అయ్యా, మీ తాళం మీరు తీస్తే మా అన్నతో తనది తీయించే పూచీ నాది.

ఆ మూడు పుస్తకాలూ పోయాయనో, చెదలు తిన్నాయనో రేపు ఎవరైనా మీకు చెప్పొచ్చు. కంగారు పడకండి. అవి మొదట నా షాపులోనే పేజీలకి నంబర్లు వేసి కుట్టించాం, లెటర్‌హెడ్ రావడానికి నెల ముందు ఆడిట్ కోసమని ప్రతి పేజీ నేను జెరాక్స్ తీసి పెట్టాను. ఫోను నంబర్లున్న కాగితాలు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. మీరు పంపే మనిషి ముందు బయటికి తీస్తాను, ఒకే పెన్నుతో ఎక్కించిన పేర్లేవో అప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఆ జెరాక్స్‌లు, రసీదు పుస్తకాలు, అక్టోబర్ 2 కరపత్రాలు అన్నీ కలిపి పార్టీ నాకు 3,860 రూపాయలు బాకీ. మేడ వాళ్లు మిల్లుని అడగమంటున్నారు, మిల్లు వాళ్లు మేడని అడగమంటున్నారు. ఇది మాత్రం ఎవరిచ్చినా తీసుకుంటాను.

ఇట్లు,
గోసాని బ్లాకు సభ్యుడు, రసీదు నంబరు 7
పర్లాకిమిడి, గజపతి జిల్లా